కొండ మాది, గేటు మీదా?

2025 జనవరి ఆఖరి వారంలో విశాఖపట్నంలో పర్యాటక పెట్టుబడిదారుల సదస్సు జరిగింది. ఆ సదస్సులో రాష్ట్ర శాసనసభ స్పీకర్ అయ్యన్నపాత్రుడు గారు ఒక సలహా చెప్పారు. ఏజెన్సీలో టూరిజం పెరగాలంటే 1/70 చట్టాన్ని సవరించాలట! జనవరి 28న భువనేశ్వర్‌లో ప్రధానమంత్రి మోదీ గారు ఇంకో మాట చెప్పారు. దేశంలో ‘కన్సర్ట్ ఎకానమీ’కి, అంటే పాటకచేరీల వ్యాపారానికి, బోలెడంత అవకాశం ఉందట. ముంబయిలో, అహ్మదాబాదులో కోల్డ్‌ప్లే అనే ఇంగ్లండు బ్యాండుకు వచ్చిన జనాన్ని చూడండి అన్నారు. జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 దాకా అరకులో చలి ఉత్సవం జరిగింది. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ జరిగింది.

నాలుగు సంగతులు. మొత్తం కలిపితే రెండు వారాల పైచిలుకు. పేపర్లు వీటిని నాలుగు పేజీల్లో వేశాయి. స్పీకర్ మాట రాజకీయం పేజీలో, ప్రధాని మాట వ్యాపారం పేజీలో, చలి ఉత్సవం రంగుల ఫోటోలతో మొదటి పేజీలో, బంద్ మాత్రం జిల్లా పేజీలో ఓ మూల. మేము ఆ నాలుగింటినీ ఒకే పేజీలో పెట్టి చదువుతున్నాం. అలా చదివితే గానీ అసలు కథ తెలీదు.

గొడవ ముదిరాక ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు 1/70 జోలికి పోమని ప్రకటించారు. మంచిదే. కానీ అడవిబిడ్డలు దుకాణాలు కట్టేసి, బస్సులు ఆపి రోడ్డు మీద కూర్చుంటే గానీ ఆ ముక్క బయటికి రాలేదు. ఆ సలహా పుట్టింది ఎక్కడ? గనుల వాళ్ల మీటింగులో కాదు, కలప కాంట్రాక్టర్ల మీటింగులో కాదు. ఆటపాటల గురించి, హోటళ్ల గురించి, సీనరీల గురించి మాట్లాడుకునే మీటింగులో. అందుకే ఈ వ్యాసం. పాటకూ భూమికీ ఏం సంబంధం అని అడిగే వాళ్ల కోసం ఈ వ్యాసం.

పాట మీద మాకు పగ లేదు

ముందు ఒక మాట తేల్చుకుందాం. మన మిత్రుల్లోనే కొందరున్నారు. గిటారు కనపడితే చాలు, ‘సామ్రాజ్యవాద విషసంస్కృతి’ అని ఒక్క పోటు పొడుస్తారు. జుట్టు పెంచుకున్న కుర్రాళ్లు మైదానంలో ఎగురుతుంటే చెడిపోయారంటారు. అయ్యా, ఆ గిటారు ఎవరిది? ఆ తాళం ఎవరిది? కాస్త వెనక్కి పోయి చూడండి.

1739లో అమెరికాలోని సౌత్ కరోలినాలో, స్టోనో నది దగ్గర నల్ల బానిసలు తిరగబడ్డారు. డోళ్లు కొట్టుకుంటూ రోడ్డెక్కారు. ఆ తిరుగుబాటును అణిచేశాక, 1740లో దొరలు ఒక చట్టం చేశారు. బానిసలు డోలు కొట్టకూడదు, కొమ్ము ఊదకూడదు. ఎందుకు? ఆ చప్పుడు ఒక తోటలోని బానిసకీ ఇంకో తోటలోని బానిసకీ కబురు మోస్తుందని భయం. డోలు లాక్కుంటే వాళ్లేం చేశారు? చేతులు చరిచారు, కాళ్లు నేలకేసి కొట్టారు, ఒంటినే వాయిద్యం చేసుకున్నారు. పత్తి చేలల్లో పాడుకున్న పాట, చర్చిలో ఏడ్చిన పాట, సారాకొట్టులో నవ్విన పాట కలిసి బ్లూస్ అయింది. దానికి కరెంటు తీగ తగిలించారు. అదే రాక్ సంగీతం. చర్చిలో పాడే సిస్టర్ రోజెట్టా థార్ప్ అనే నల్లజాతి ఆడమనిషి ఎలక్ట్రిక్ గిటారు పట్టినప్పటికి ఎల్విస్ ప్రెస్లీ పిల్లోడు.

ఇంకో ఆడమనిషి బిగ్ మామా థార్న్‌టన్. 1952లో ఆమె ‘హౌండ్ డాగ్’ పాట రికార్డు చేసింది. మరుసటి ఏడు అది మార్మోగింది. 1956లో అదే పాట ఎల్విస్ పాడాడు, లోకమంతా అతన్ని నెత్తిన పెట్టుకుంది. ఆ పాట మీద తన చేతికి వచ్చింది 500 డాలర్లేనని థార్న్‌టన్ చెప్పుకుంది. పాట ఆమె నోట్లోంచి వచ్చింది, డబ్బు ఇంకెవరి జేబులోకో పోయింది. ఈ కథ మనకు కొత్తా?

1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని బెథెల్‌లో, మాక్స్ యాస్గర్ అనే పాడిరైతు పొలంలో వుడ్‌స్టాక్ ఉత్సవం జరిగింది. నాలుగు లక్షల మంది వచ్చారు. టిక్కెట్లు అమ్మారు గానీ, జనం తాకిడికి కంచె నిలవలేదు. ఇక లాభం లేదని ఉచితం అని ప్రకటించేశారు. ఆఖరి రోజు పొద్దున జిమీ హెండ్రిక్స్ అనే నల్లవాడు గిటారు పట్టుకుని ఆ దేశపు జాతీయగీతాన్ని వాయించాడు. మామూలుగా వాయించలేదు, వియత్నాం మీద పడుతున్న బాంబుల మోత ఆ తీగల్లో జనానికి వినిపించింది. దీన్నా మీరు విషసంస్కృతి అంటున్నది? 1966లో ఓక్లండ్‌లో బ్లాక్ పాంథర్స్ పుడితే, 1972లో బొంబాయిలో మనోళ్లు దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు తీసుకోవచ్చు గానీ ఆ పాట వినకూడదా?

ఇంకో సంగతి. సంగీత సభ అంటే మన దేశంలో కుర్చీల వరస. ముందు వరస ఎవరిదో, చివరి వరస ఎవరిదో టిక్కెట్టు కంటే ముందే రాసి ఉంటుంది. కూర్చుని, తొడ మీద తాళం వేసి, తలూపాలి. రాక్ కచేరీ అలాంటిది కాదు. నిలబడి వింటారు. పక్కవాడి చెమట నీకు అంటుతుంది, నీ చెమట వాడికి అంటుతుంది. అంటు అన్న మాటకు అక్కడ ఆ పూటకి అర్థం ఉండదు. ఎగిరేవాడి కులం ఏమిటో ఎగిరేటప్పుడు ఎవడూ అడగడు. మన డప్పు ఆటా అంతే గదా! నిలబడే ఆడతాం, ఒకరి మీద ఒకరు పడే ఆడతాం. 1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కాలేజీ గ్రౌండులో గద్దర్ పాడినప్పుడు ఇసక వేస్తే రాలనంత జనం. టిక్కెట్టు లేదు, ముందు వరస లేదు. తెలుగు నేల మీద ఆరుబయట పాటకచేరీ అంటే మాకు అదే కొలబద్ద.

కాబట్టి పాట వినడానికి పోయే కుర్రాళ్లను మేము తిట్టం. మా తగువు పాటతో కాదు. గేటు దాకా వచ్చి చూడండి. అక్కడుంది తగువు. కోల్డ్‌ప్లే ముంబయి కచేరీకి టిక్కెట్టు 2,500 రూపాయల నుంచి 35,000 రూపాయల దాకా. అహ్మదాబాదు కచేరీకి రైల్వే వాళ్లు ప్రత్యేక రైళ్లు వేశారు. లోపల అంటు లేదు నిజమే, కానీ ఆ గేటు దాటేవాడెవడు? కులం అడగకుండానే కులాన్ని ఏరిపారేసే జల్లెడ ఆ టిక్కెట్టు.

కొట్టొద్దన్న డోలు, కొట్టి తీరాలన్న డప్పు

అక్కడ దొరలు డోలు కొట్టొద్దన్నారు. ఇక్కడ దొరలు డప్పు కొట్టి తీరాలన్నారు. రెండూ ఒకటే జాతి పెత్తనం.

ఊళ్లో పీనుగు లేస్తే మాదిగోడు డప్పు కొట్టాలి. జాతరకి కొట్టాలి. మునసబు చాటింపుకి కొట్టాలి. చచ్చిన గొడ్డు తోలు వాడే ఒలవాలి, వాడే ఎండబెట్టాలి, వాడే బిగించాలి, వాడే కాచుకోవాలి. కొట్టాక గింజలో, చద్దన్నమో దూరం నుంచి పడేస్తారు. నాకు ఒంట్లో బాగాలేదు అన్నా, నా ఇంట్లోనే పీనుగు ఉంది అన్నా కుదరదు. కొట్టను అన్నవాడి వీపు మీద కొట్టారు. అది కళ కాదు. వెట్టి. డప్పు అంత బాగా మోగినా వెట్టి వెట్టే.

అందుకే మన ఊళ్లలో ఎందరో డప్పు కింద పడేశారు. చావు డప్పు కొట్టం అని తెగేసి చెప్పారు. ఆ తర్వాత 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. అప్పుడు అదే డప్పు మెడకు తగిలించుకుని మనోళ్లు రోడ్డెక్కారు. తోలు అదే. చిర్రా సిటికెనా అవే. చేతులు అవే. మారింది ఒక్కటే. ఎవరు కొట్టమన్నారు అన్నది మారింది.

ఇక్కడ నుంచి మేము ఒక లెక్క నేర్చుకున్నాం. ఏ ఆటనైనా, ఏ పాటనైనా నాలుగు ప్రశ్నలతో కొలవాలి. ఎవరు ఆడమన్నారు? ఎవరి ముందు? ఎంతకి? వద్దంటే ఏమవుతుంది? ఈ నాలుగింటికీ జవాబు ఆడేవాడి చేతిలో ఉంటే అది కళ. ఎదుటివాడి చేతిలో ఉంటే అది వెట్టి. స్టేజీ మీద లైట్లు వేసినంత మాత్రాన వెట్టి కళ అయిపోదు.

థింసా స్టేజీ ఎక్కితే

ఇప్పుడు ఈ నాలుగు ప్రశ్నలూ పట్టుకుని అరకు పోదాం.

థింసా ఎప్పుడు ఆడతారు? చైత్రంలో ఇటుకల పండగకి ఆడతారు. మగవాళ్లు వేటకి పోతారు, ఊరు ఊరంతా ఆటలో ఉంటుంది. పెళ్లికి ఆడతారు. బోడ థింసా ఊరి దేవత కోసం. పోటర్ తోలా ఆకు ఏరే పని కోసం. బాగ్ థింసా పులి వచ్చినప్పటి సంగతి. తుడుము, కిరిడి, మోరి, డప్పు, జోడుకొమ్ములు మోగుతాయి. ఆడవాళ్లు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసి గొలుసులా కదులుతారు. ఆ గొలుసుకి మొదలూ చివరా ఉంటుంది గానీ పెద్దా చిన్నా ఉండదు.

దీనిలో చూసే వాళ్లెవరు? ఎవరూ లేరు! అదే దాని అసలు గుణం. ఊళ్లో ఉన్నవాళ్లంతా ఆటలో వాళ్లే. అలిసినవాళ్లు పక్కకు పోతారు, అలసట తీరినవాళ్లు కలుస్తారు. పట్నం కుర్రాడు వేల రూపాయలు పోసి, రాత్రంతా ప్రయాణం చేసి, రాక్ ఉత్సవంలో ఏం వెతుక్కుంటాడు? నలుగురితో కలిసి, నేనెవరో మరిచిపోయి, ఎగిరే ఒక్క పూట. ఆ పూట ఈ కొండల్లో ప్రతి చైత్రంలోనూ ఉంది. టిక్కెట్టు లేకుండా ఉంది.

టూరిజం వాళ్లు ఏం చేశారు? ఆ గొలుసుని స్టేజీ ఎక్కించారు. ఎక్కించగానే ఆడేవాళ్లు వేరు, చూసేవాళ్లు వేరు అయిపోయారు. టూరు ప్యాకేజీ చూడండి. బొర్రా గుహలు, పద్మాపురం తోట, ట్రైబల్ మ్యూజియం, పక్కనే థింసా. మ్యూజియంలో మట్టిబొమ్మలు ఆడుతుంటాయి, బయట మనుషులు ఆడుతుంటారు. యాత్రికుడికి రెండింటికీ తేడా తెలీదు. తెలియాల్సిన పనీ లేదు వాడికి.

మన్యంలో జరిగిన ఒక ఉత్సవానికి నేనూ పోయాను. ఏది, ఎక్కడ అన్నది ఇక్కడ అనవసరం. సాయంత్రం ఆటకి పొద్దున్నే జీపుల్లో ఆడవాళ్లని దింపారు. అందరికీ ఒకే రంగు చీరలు పంచారు. నీడ లేదు. పెద్దమనిషి రావడం ఆలస్యం అయితే మూడు గంటలు ఎండలో వరసలో నిలబెట్టారు. ఆయన దిగగానే తుడుము మోగించమన్నారు. ఆయన నాలుగు అడుగులు కలిపి వేశారు, ఫోటోలు తీశారు, అయిపోయింది. తర్వాత స్టేజీ మీద వాళ్లకి పది నిమిషాలు. ఆ పది నిమిషాలు కూడా యాంకరమ్మ మైకులో మాట్లాడుతూనే ఉంది. తర్వాత పట్నం నుంచి తెచ్చిన బ్యాండు రెండు గంటలు. బ్యాండు వాళ్లకి తెర వెనక కుర్చీలు, మంచినీళ్ల సీసాలు. తుడుము కొట్టిన ముసలాయన స్టేజీ మెట్ల పక్కన నేల మీద కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. ఎంత ఇస్తారు తాతా అని అడిగాను. మా ముఠా పెద్దకి చెప్పుంటారు అన్నాడు. తన పనికి తన రేటు తనకే తెలీదు!

ఇప్పుడు నాలుగు ప్రశ్నలూ వేయండి. ఎవరు ఆడమన్నారు? ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఎవరి ముందు? హెలికాప్టర్ దిగే వాళ్ల ముందు. ఎంతకి? చెప్పరు. వద్దంటే ఏమవుతుంది? రేషన్ కార్డు కోసం, ఇంటి బిల్లు కోసం, పట్టా కోసం అదే ఆఫీసుకి పోవాలి గదా, వద్దని ఎట్లా అంటారు?

ఈ నేల మీద ఇది మొదటిసారి కూడా కాదు. వందేళ్ల కిందట గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ అనేవాడు నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయిస్తూ, సరిగా కూలివ్వకుండా గిరిజనుల చేత రాళ్లు మోయించాడు. 1922లో మన్యం భగ్గుమనడానికి ఆ వెట్టి ఒక కారణం. అప్పుడు రోడ్డుకి రాళ్లు మోయించారు. ఇప్పుడు ఆ రోడ్డు మీద కారులో వచ్చేవాళ్లకి ఆడించి చూపిస్తున్నారు.

జిరోలో జరిగింది అరకులో ఎందుకు జరగదు?

‘మీకన్నీ తప్పులే కనిపిస్తాయి, ఈశాన్యంలో చూడండి, గిరిజనులే ముందుండి రాక్ ఉత్సవాలు చేస్తున్నారు’ అంటారు. సరే చూద్దాం. చూసే అడుగుతున్నాం.

అరుణాచల్ ప్రదేశ్‌లో జిరో లోయ ఉంది. అపతానీల నేల. 2012 నుంచి అక్కడ జిరో సంగీతోత్సవం జరుగుతోంది. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు బాబీ హానో, ఆ నేల మనిషి. రెండోవాడు అనూప్ కుట్టి, ఢిల్లీ రాక్ బ్యాండులో గిటారిస్టు. స్టేజీ వెదురుతో కడతారు, కట్టేది అపతానీలు. బయటివాడు అక్కడ కాలు పెట్టాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవాలి. నాగాలాండ్‌లో 2000 నుంచి డిసెంబరులో కిసామాలో హార్న్‌బిల్ పండగ జరుగుతోంది. అందులో తెగల ఆటలూ ఉంటాయి, రాక్ బ్యాండుల పోటీ కూడా ఉంటుంది. అక్కడి కుర్రాళ్లు గిటారు పట్టారంటే వాళ్ల ఆట మరిచిపోయారని కాదు. రాజ్యాంగంలోని 371(ఏ) అధికరణం నాగాల భూమికీ, ఆచారానికీ కాపలా ఉంది. అసెంబ్లీ ఒప్పుకోకుండా పార్లమెంటు చట్టం కూడా అక్కడి భూమి మీద చెల్లదు.

అంటే ఏమిటి? భూమి తన చేతిలో ఉన్నవాడు అతిథిని పిలుస్తాడు. భూమి చెయ్యి జారుతున్నవాడి ఇంటికి వచ్చేవాడు అతిథి అవ్వడు, మోతుబరి అవుతాడు. అక్కడా లోపాలు ఉంటాయి, వ్యాపారం ఉంటుంది, చెత్త మిగులుతుంది. కానీ పండగ చేసేది ఎవరో, నేల ఎవరిదో అన్న అనుమానం మాత్రం లేదు.

అరకులో ఆ కాపలా ఏది? 1/70. 1970 ఫిబ్రవరి 3న అమల్లోకి వచ్చిన ఆ నిబంధన ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి పేర భూమి మారదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే లెక్క, కాదని వాడే రుజువు చేసుకోవాలి. దాని బలం ఎంతో 1997 జులై 11న తెలిసింది. ఇదే అరకు పక్కన, అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ గనుల లీజుల మీద ‘సమత’ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వం కూడా ఆ చట్టం దృష్టిలో ఒక ‘వ్యక్తే’, కాబట్టి ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు లీజు ఇవ్వకూడదు అని తేల్చింది. లాభాల్లో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీళ్లకీ, బడికీ, వైద్యానికీ తీసిపెట్టాలని కూడా చెప్పింది.

చలి ఉత్సవం ఫిబ్రవరి 2న ముగిసింది. ఫిబ్రవరి 3కి 1/70 పుట్టి 55 ఏళ్లు. టపాకాయలు పేల్చిన మర్నాడు ఆ చట్టానికి ఒక్క దీపం పెట్టినవాడు లేడు. పైగా దాన్ని సవరించాలన్న మాట అప్పటికే గాలిలో తిరుగుతోంది.

బాక్సైటు బుల్డోజరు మీద వచ్చింది. గుర్తుపట్టాం. 2015లో జీవో 97 ఇస్తే కొండలన్నీ లేచి నిలబడ్డాయి, 2019లో అది రద్దయింది. ఇప్పుడొచ్చేది పాట మీద వస్తోంది. 2017 నవంబరులో విదేశాల నుంచి గాలిబుడగలు తెచ్చి అరకు మీద ఎగరేశారు. పైనుంచి చూస్తే లోయ ఎంత ఖాళీగా కనిపిస్తుందో! వలిసె పూలు పచ్చగా కనిపిస్తాయి గానీ వలిసె వేసినవాడు కనపడడు. పైనుంచి చూసేవాడికి అది సీనరీ. కింద నిలబడ్డవాడికి అది సర్వే నంబరు. ఉత్సవానికి టెంట్లు కావాలి. టెంట్లు బాగుంటే కాటేజీలు కావాలి. కాటేజీలకి భూమి కావాలి. భూమికి చట్టం అడ్డం. అందుకని చట్టాన్ని సవరించాలి. చూశారా, ఒక పాట ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో!

‘మీకు డబ్బు వస్తుంది కదా’

ఇది వాళ్ల పెద్ద వాదన. టూరిజం వస్తే ఉద్యోగాలొస్తాయి, నాలుగు రూపాయలు కళ్ల చూస్తారు అంటారు. దీన్ని మేము కొట్టిపారేయం. బొంగులో చికెన్ అమ్ముకునే వాడికీ, జీపు తోలుకునే కుర్రాడికీ, వంజంగి కొండ మీద టీ కాచే అమ్మకీ యాత్రికుడు కావాలి. ఆ పది రూపాయలు వాళ్లకి నిజం. వాళ్ల పొట్ట మీద కొట్టే మాట మేము అనం.

కానీ లెక్క పూర్తిగా చెప్పండి. టీ అమ్మే అమ్మ రోడ్డు పక్కన ఉంది. లాడ్జీ ఎవరిది? రోడ్డు మీద ముఖం ఉన్న స్థలం ఎవరి గుప్పిట్లో ఉంది? గిరిజనుడి పేరు, మైదానం వాడి పెట్టుబడి. ఈ బినామీ ఆట మన్యంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. చీపురు పట్టే ఉద్యోగం మనకి, కౌంటరు దగ్గర కూర్చునే ఉద్యోగం వాళ్లకి.

ఉద్యోగాలు ఇస్తామంటున్నారు గదా, ఉన్నవి ఏమయ్యాయి? షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బడిలో పంతులు కావాల్సిన పిల్ల క్యాంప్‌ఫైర్ దగ్గర థింసా ఆడితే, దాన్ని ఉపాధి అంటారా మీరు?

రోడ్ల సంగతి చూడండి. ఉత్సవం జరిగే మైదానానికి తారు రోడ్డు ఎప్పుడూ ఉంటుంది. నిండు చూలాలిని డోలీ కట్టి మోసుకొచ్చే ఊళ్లు అదే జిల్లాలో ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడుకి ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు వచ్చి, అడవితల్లి బాట పేరుతో 1,005 కోట్ల రోడ్ల పనులు మొదలుపెట్టారు. పడ్డ ప్రతి రోడ్డునీ స్వాగతిస్తాం. కానీ స్వాతంత్ర్యం వచ్చిన డెబ్బై ఎనిమిదో ఏట అది వార్త కావడం ఎవరికి సిగ్గు? గాలిబుడగకి దారి 2017లోనే దొరికింది. చూలాలికి దారి ఇప్పుడు మొదలవుతోంది.

పోనీ కళాకారుడికైనా మిగిలిందా? పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యని చూడండి. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటకి ఆయన గొంతు ఎత్తుగడ అయింది. రాష్ట్రాలు ఊగిపోయాయి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 మే నెలలో హైదరాబాదు పక్కన కూలిపని చేస్తూ పేపర్లకెక్కారు. అమెరికాలో థార్న్‌టన్, తెలుగునాట మొగులయ్య. బిళ్ల మెడలో పడుతుంది, గింజ గిన్నెలో పడదు. రేపు ఇదే థింసా తాళాన్ని ఎవడో రికార్డు చేసుకుపోయి, కింద గిటారు తగిలించి అమ్ముకుంటే, తుడుము తాతకి ఏ గేటు దగ్గర వాటా ఇస్తారు?

మన ఇంట్లో కూడా చూసుకోవాలి

ఎదుటివాడిని అడిగిన ప్రశ్నే మన ఇంట్లోనూ వేసుకోవాలి, లేకపోతే ఈ పత్రిక ఎందుకు?

కొండకు అవతల కోరాపుట్‌లో డోంబోలు ఉన్నారు. నేతపని చేస్తారు, వాయిద్యం వాయిస్తారు. వాళ్లు లేకుండా ఇతర తెగల పెళ్లి జరగదు, ఆట జరగదు. అయినా వాళ్లని తక్కువగానే చూస్తారు. ఒడిశా లెక్కల్లో వాళ్లు షెడ్యూల్డు కులం. అంటే కొండ మీద కూడా ఆడేవాడు వేరు, మోగించేవాడు వేరు. మైదానంలో మాదిగ డప్పుకి పట్టిన గతి, కొండ మీద ఆ డోలుకీ కొంత పట్టింది. ఆదివాసీ సంఘాలు, దళిత సంఘాలు ఈ మాట ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. తోలు వాయిద్యం పట్టినవాడి పక్కన కూర్చుని తిననివాడికి తోలు వాయిద్యం గురించి గర్వపడే హక్కు లేదు.

మన కుర్రాళ్లకి కూడా ఒక మాట. బెంగుళూరు కచేరీలకి పోండి, వినండి, ఎగరండి. కానీ అక్కడి నుంచి టీషర్టు ఒక్కటే తెచ్చుకోకండి. మద్రాసు కుర్రాళ్లు ఏం చేశారో చూడండి. 2018 జనవరిలో పా. రంజిత్ నీలం సాంస్కృతిక కేంద్రం తోడుతో ‘క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ బ్యాండు స్టేజీ ఎక్కింది. ఒక పక్క పరై, ఒక పక్క గానా పాట, ఒక పక్క రాక్ గిటారు. వంద ఏళ్ల కిందటి అయోతీదాస్ పండితుడు చెప్పిన ‘కులం లేని తమిళులు’ అన్న మాట నుంచి ఆ పేరు తీసుకున్నారు. రిజర్వేషన్ల గురించి పాడారు, మురికి ఎత్తేవాడి చావు గురించి పాడారు, జనం ఎగిరారు. మార్గళి నెల అంటే సభల్లో కర్ణాటక సంగీతం అనుకునే ఊళ్లో, 2020 నుంచి అదే నెలలో జనం పాటల పండగ పెట్టారు. గిటారు వాళ్లని మింగలేదు, పరై పక్కన నిలబడింది. తెలుగు నేల మీద డప్పు, తుడుము, గిటారు ఒక్క వేదిక మీద సమానంగా నిలబడే రోజు ఎప్పుడు?

మేము అడిగేది

1. అయిదో షెడ్యూలు ప్రాంతంలో ఏ ఉత్సవమైనా, ఏ కచేరీ అయినా, ప్రభుత్వం చేసినా ప్రైవేటు వాడు చేసినా, 1996 పీసా చట్టం స్ఫూర్తితో ముందు గ్రామసభ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే జరగకూడదు.

2. గుహల గేటు దగ్గర, తోటల గేటు దగ్గర, ఉత్సవాల గేటు దగ్గర వసూలయ్యే డబ్బులో కనీసం 20 శాతం ఆ పంచాయతీకే రావాలి. సమత తీర్పు గనులకి పెట్టిన కొలత, గేట్లకి ఎందుకు పెట్టకూడదు?

3. ఆఫీసు కబురుతో ఆట ఆడించడం మానాలి. హాస్టలు పిల్లల్ని, పొదుపు సంఘాల ఆడవాళ్లని వరసలో నిలబెట్టడం మానాలి. ఆడను అన్నవాళ్లకి ఏ పథకం దగ్గరా ఇబ్బంది రాకూడదు.

4. రేటు ముందే కాగితం మీద రాయాలి. ఆడేవాళ్లకి, వాయించేవాళ్లకి ఒకటే రేటు. పట్నం బ్యాండుకి ఇచ్చే కుర్చీ, నీళ్లు, సమయం వాళ్లకీ ఇవ్వాలి. రికార్డు చేస్తే ఆ ఊరికి హక్కు ఉండాలి.

5. 1/70 మీద చెయ్యి వేయకూడదు. మాటగా చెప్పడం చాలదు. బినామీ లాడ్జీల లెక్క తేల్చి, భూమి గిరిజనుడికి తిరిగి ఇవ్వాలి.

6. ఇది మన పని. వచ్చే చైత్రంలో ఇటుకల పండగకి దళిత కళాబృందాలు కొండెక్కాలి. పిలిస్తే పోవాలి, వాళ్ల నేల మీద వాళ్ల మాట విని ఆడాలి. మన డప్పుతో పోవాలి. గిటారు వచ్చిన కుర్రాడు గిటారుతో రావచ్చు. స్టేజీ వద్దు, కుర్చీలు వద్దు, గేటు అసలే వద్దు.

యాత్రికుడా, నీకూ ఒక మాట. నువ్వు అరకు రావద్దని మేము అనం. చలికి రా, కాఫీ తాగు, పాట విను. కానీ ఆ గొలుసులో చేతులు పెనవేసిన అమ్మ నీకోసం ఆడుతోందా, నీ వల్ల ఆడాల్సి వచ్చిందా అన్నది ఒక్కసారి అడిగి తెలుసుకో. ఆమె ఎవరో, ఊరేదో, ఆ ఊరికి దారి ఉందో లేదో అడుగు. జవాబు విన్నాక కూడా చప్పట్లు కొట్టాలనిపిస్తే కొట్టు.

డోలు లాక్కున్నప్పుడు నల్లవాళ్లు ఒంటిని డోలు చేసుకున్నారు. డప్పు కొట్టమని నెత్తిన కూర్చున్నప్పుడు మనోళ్లు డప్పు కింద పడేశారు, తర్వాత తమ కోసం మళ్లీ ఎత్తుకున్నారు. 2025 ఫిబ్రవరి 11 నుంచి మన్యంలో రెండు రోజుల పాటు తుడుము ఏ మంత్రి కోసమూ మోగలేదు. ఆ నిశ్శబ్దం విశాఖ దాకా, అమరావతి దాకా వినపడింది. కావాలంటే మళ్లీ వినిపిస్తాం.

కొండ మాది. ఆట మాది. ఎప్పుడు ఆడాలో చెప్పేదీ మేమే.